హైదరాబాద్ ఫార్వర్డ్ ఆటగాళ్ళ జీవనోపాధి: తులసీదాస్ బలరాం క్రీడాజీవితం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో 1956 నుంచి 1962 వరకు గల కాలాన్ని ఉచ్చదశగా పరిగణిస్తారు. ఆ దశలో ముందువరుసలో ఆడిన ముగ్గురు ప్రముఖులలో తులసీదాస్ బలరాం ఒకరు. ఆయన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో జన్మించారు. నియమాల ప్రకారం ఆనాటి భారత ఆటగాళ్ళందరూ ఔత్సాహికులే. ఆచరణలో ఆటే వారిలో చాలామందికి బతుకుతెరువు. ఈ రెంటి మధ్యనున్న అంతరాన్ని పోలీసు, రైల్వే, బ్యాంకు ఉద్యోగాలు ఎట్లా పూడ్చాయో, అవి ఆటగాడి జీవితాన్ని ఎట్లా నిర్ణయించాయో బలరాం క్రీడాజీవితం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తరువాతి తరానికి చెందిన మహ్మద్ హబీబ్ జీవితాన్ని పోలిక కోసం స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: హైదరాబాద్ ఫుట్‌బాల్, తులసీదాస్ బలరాం, సయ్యద్ అబ్దుల్ రహీం, మహ్మద్ హబీబ్, ఔత్సాహికత, క్రీడా ఉపాధి, వలస.

ప్రవేశిక

2023 ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం కోల్‌కతాలో మరణించారు. అదే ఏడాది ఆగస్టు 15న మహ్మద్ హబీబ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఇద్దరూ జంటనగరాలకు చెందినవారు. ఇద్దరూ గోల్ కొట్టే ముందువరుసలో ఆడారు. ఇద్దరికీ పేరు తెచ్చిన నగరం కలకత్తా. ఒకరు బెంగాల్‌లోనే స్థిరపడిపోయారు. మరొకరు పుట్టిన ఊరికి తిరిగివచ్చారు. నివాళి వ్యాసం స్వభావరీత్యా ప్రతిభను స్మరిస్తుంది, పతకాలను లెక్కిస్తుంది. ఆటగాడు ఏ జీతం మీద బతికాడు, ఆ జీతం ఇచ్చినవారికి అతనిపై ఎంత హక్కు ఉండేది, ఆట ఆగిన మరునాడు అతనికి మిగిలిందేమిటి అన్న ప్రశ్నలు నివాళిలో ఇమడవు. చరిత్ర రచన మాత్రం వాటిని దాటిపోవడానికి వీల్లేదు.

నేడు ప్రొఫెషనల్ స్ట్రైకర్ అంటే క్లబ్బుతో లిఖితపూర్వకమైన ఒప్పందం, నిర్ణీత కాలానికి వేతనం, ఏజెంటు, బదిలీ రుసుము గుర్తుకు వస్తాయి. 1950లలో భారతదేశంలో ఈ వ్యవస్థ లేదు. ఒలింపిక్ క్రీడల్లో ఆడాలంటే ఆటగాడు ఔత్సాహికుడై ఉండాలి, అంటే ఆట నుంచి ఆదాయం పొందనివాడై ఉండాలి. పేద కుటుంబాల నుంచి వచ్చిన యువకులకు ఇది అసాధ్యమైన షరతు. కాబట్టి ఆటకు డబ్బు ఇవ్వకుండా ఆటగాడికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి బలపడింది. ఆటగాడు కాగితం మీద పోలీసుగానో, గుమాస్తాగానో, రైల్వే ఉద్యోగిగానో ఉంటాడు. అసలు పని మైదానంలో చేస్తాడు. క్లబ్బులు గుట్టుగా ముట్టజెప్పే మొత్తాలు వేరు. వాటికి లెక్క ఉండదు కనుక హక్కూ ఉండదు.

ఈ ఏర్పాటు భారతదేశానికి మాత్రమే ప్రత్యేకం కాదు. తూర్పు ఐరోపా సోషలిస్టు దేశాలు సైన్యం, పోలీసు, పరిశ్రమల పేరిట ఆటగాళ్ళను పోషించి ఒలింపిక్స్‌కు ఔత్సాహికులుగానే పంపేవి. వృత్తి ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లయిన ఇంగ్లండులో సైతం ఆటగాడి వేతనానికి వారానికి 20 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉండేది. దాన్ని 1961 జనవరిలో గాని రద్దు చేయలేదు. అదే 1961లో బలరాం ఈస్ట్ బెంగాల్ జట్టుకు నాయకుడు.

లష్కర్, ఠాణా, మైదానం

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు రెండు మూలాలున్నాయి. ఒకటి సికింద్రాబాద్ దండు. ప్రజలు నేటికీ లష్కర్ అని పిలుచుకునే ఆ ప్రాంతంలో బ్రిటిష్ పటాలాలు ఆటను తెచ్చాయి. చుట్టుపట్ల బస్తీల పిల్లలు చూసి నేర్చుకున్నారు. రెండవది నగర పోలీసు శాఖ. శివకుమార్ లాల్ వంటి పోలీసు అధికారుల ప్రోత్సాహంతో, సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణతో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనూ 1954లోనూ డ్యూరాండ్ కప్‌ను సైతం సాధించింది. కలకత్తా క్లబ్బుల ఆధిపత్యాన్ని ప్రశ్నించగలిగిన జట్టు ఒక పోలీసు శాఖ నుంచి రావడం యాదృచ్ఛికం కాదు. ఏటా జీతం, వసతి, శిక్షణకు సమయం ఇవ్వగల సంస్థ అప్పటి హైదరాబాద్‌లో ఇంచుమించు అదొక్కటే.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించడం అవసరం. సిటీ పోలీసు జట్టు తొలి రోవర్స్ కప్ గెలిచిన 1950లో నల్లగొండ జిల్లా పల్లెలు సాయుధపోరాటపు చివరి దశలో ఉన్నాయి. పోరాట విరమణ 1951 అక్టోబర్‌లో జరిగింది. హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి వెంట వెళ్తే వచ్చే కట్టంగూర్, నకిరేకల్ ప్రాంతాల్లో పోలీసు అన్న మాట క్యాంపులను, సోదాలను, అరెస్టులను స్ఫురింపజేసేది. అదే మాట బొంబాయి కూపరేజ్ మైదానంలో అందమైన పాసింగ్ ఆటకు పర్యాయపదం. నగర పోలీసు వేరు, జిల్లాలకు వెళ్ళిన బలగాలు వేరు అన్నది నిజమే. అయినా దండు, ఠాణా, రైల్వే ఉన్నచోట్ల వేళ్ళూనిన ఈ ఆట తెలంగాణ గ్రామసీమకు ఎందుకు చేరలేదో అర్థం చేసుకోవడానికి ఈ వైరుధ్యం కొంత తోడ్పడుతుంది. పల్లె బడి ఆవరణలో కబడ్డీ, ఖోఖో, తరువాత వాలీబాల్ నిలదొక్కుకున్నాయి. గడ్డి మైదానమూ బూట్లూ కోరే ఆట నగరంలోనే ఉండిపోయింది.

రహీం గురించి కొంత ప్రస్తావించక తప్పదు. 1909లో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడు ఆయనే. బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోయే అలవాటును మాన్పించడానికి డ్రిబ్లింగ్ లేని పోటీలు నిర్వహించేవారు. ఆయన తీర్చిదిద్దిన ఫార్వర్డ్‌లలో వ్యక్తిగత నైపుణ్యం కంటే ఖాళీ స్థలాన్ని ముందే పసిగట్టే గుణం ఎక్కువగా కనబడటానికి ఇదొక కారణం. బలరాం ఆ శిక్షణకు ఉత్తమ ఉదాహరణ.

అమ్ముగూడ నుంచి మెల్‌బోర్న్‌కు

బలరాం 1936 అక్టోబర్ 4న సికింద్రాబాద్ దండుకు ఆనుకొని ఉన్న అమ్ముగూడలో జన్మించారు. తల్లిదండ్రులు తమిళులు, కుటుంబం పేదది. ఆయన్ను తెలుగు క్రీడాచరిత్రలో ఏ ప్రాతిపదికన చేర్చాలన్న సందేహం కొందరికి కలగవచ్చు. లష్కర్ బస్తీల్లో తమిళం, తెలుగు, ఉర్దూ, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల ఇంగ్లీషు ఒకే వీధిలో వినిపించేవి. హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నవారిలో అధికసంఖ్యాకుల ఇంటిభాష ఉర్దూ. మాతృభాషను గీటురాయిగా పెట్టుకుంటే ఈ నగరపు క్రీడాచరిత్రలో చాలా భాగం తెలుగులో రాయవలసిన పనే ఉండదు. తెలుగులో ఈ విషయంపై పరిశోధన అరుదుగా ఉండటానికి ఆ గీటురాయే ఒక కారణం కావచ్చు.

ఆయన బాల్యానికి సంబంధించి తరచుగా వినిపించే ఉదంతం బూట్లది. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే అతనిచేత ఆటకు పనికివచ్చేట్టు మార్పించుకున్నారని చెబుతారు. ఈ ఉదంతాన్ని పేదరికపు చిహ్నంగా మాత్రమే చదవడం చాలదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్ళు పలువురు ఉత్తకాళ్ళతో ఆడారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిన తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. అంటే బలరాం పెద్ద ఆటలోకి అడుగుపెట్టే వేళకు ఆటకు కనీస పెట్టుబడి ఒకటి ఏర్పడింది. అంతవరకు కాలికి ఏమీ లేకపోయినా ఆడగలిగిన పిల్లవాడికి ఇప్పుడు ప్రవేశరుసుము వచ్చిపడింది. ఆ రుసుమును ఆయన పోలీసు శాఖ పారేసిన సరుకుతో చెల్లించారు.

ఆర్మీ కంబాట్ ఫోర్స్, రైడర్స్ క్లబ్ అనే స్థానిక జట్లలో ఆడుతుండగా రహీం దృష్టి ఆయనపై పడింది. అమ్ముగూడ నుంచి నగరంలోని శిక్షణ మైదానానికి రావడం భారమైతే, అద్దె సైకిలుకయ్యే ఖర్చును రహీం తానే భరించారన్నది మరో ప్రసిద్ధ ఉదంతం. బూట్ల కథనూ సైకిలు కథనూ పక్కపక్కన ఉంచితే ఆనాటి క్రీడావ్యవస్థ స్వరూపం తేటపడుతుంది. ప్రతిభకు ప్రాథమిక వనరులు సమకూర్చవలసిన సంస్థ లేదు. ఒక బడిపంతులు జేబు ఉంది. వ్యక్తి ఔదార్యంపై ఆధారపడిన వ్యవస్థ ఆ వ్యక్తి పోగానే ఏమవుతుందో హైదరాబాద్ తరువాత అనుభవించి తెలుసుకుంది.

1956-57 ఋతువులో బలరాం సిటీ పోలీసు జట్టు తరఫున ఆడారు. అదే కాలంలో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టుకు ఎంపికయ్యారు. ఆ జట్టు 1956-57లో తిరువనంతపురంలోనూ, 1957-58లో సొంతగడ్డపైనా బొంబాయిని ఓడించి విజేతగా నిలిచింది. రాజకీయచరిత్ర చదివేవారికి ఇందులో ఒక చిత్రమైన సంగతి కనబడుతుంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్ రాష్ట్రం అంతరించింది. మైదానంలో మాత్రం హైదరాబాద్ పేరు ఆ తరువాతా గెలుస్తూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పేరిట సంతోష్ ట్రోఫీ వచ్చింది 1965-66లో. రాష్ట్రం కంటే ఫుట్‌బాల్ సంఘం నెమ్మదిగా మారింది.

రాష్ట్రావతరణ జరిగిన మూడు వారాలకు, 1956 నవంబర్ 22న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. అప్పుడే ఇరవై ఏళ్ళు నిండిన బలరాం రహీం జట్టులో ఉన్నారు. హంగరీ వైదొలగడంతో భారత్ నేరుగా ముందుకు వెళ్ళింది. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది; అందులో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు అదే. తరువాత యుగోస్లావియా చేతిలో 1-4తోనూ, కాంస్య పోటీలో బల్గేరియా చేతిలో 0-3తోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచింది.

కలకత్తా: ముగ్గురు ఫార్వర్డ్‌లు, మూడు ఏర్పాట్లు

1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. హైదరాబాద్ ఆటగాళ్ళు కలకత్తాకు వెళ్ళడం అప్పటికి కొత్త కాదు. నిజానికి ఈ వలస చరిత్ర హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో సగం. సిటీ పోలీసు జట్టు ఎంత గెలిచినా ఆటగాడికి ఇవ్వగలిగింది శాఖలోని చిన్న ఉద్యోగమే. కలకత్తాలో లీగ్ పెద్దది, పత్రికలు ఆట గురించే రోజూ రాసేవి, లక్షలాది అభిమానులు చీలి కొట్లాడుకునేవారు, క్లబ్బులు ఆటగాడి కోసం పోటీపడేవి. ప్రతిభకు సంత అక్కడ ఉంది.

బలరాంతో పాటు భారత ముందువరుసలో ఆడిన మిగతా ఇద్దరు పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి. ఈ ముగ్గురినీ కలిపి త్రయం అనడం పరిపాటి. ఆటలో వారి అవగాహన గురించి చాలా రాశారు. బతుకుతెరువు విషయంలో వారి మార్గాలు మాత్రం పూర్తిగా భిన్నమైనవి. పి.కె. ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి. కలకత్తా పెద్ద క్లబ్బుల జెర్సీ వేసుకోలేదు. ఉద్యోగాన్నే ఎంచుకున్నారు, 1958లో ఆ రైల్వే జట్టునే కలకత్తా లీగ్ విజేతను చేశారు. చునీ గోస్వామి మోహన్ బగాన్‌ను ఎన్నడూ విడిచిపెట్టలేదు. స్టేట్ బ్యాంకు ఉద్యోగం ఆయనకు అండ. ఇద్దరికీ బెంగాల్ సొంత నేల, భాష తెలిసిన సమాజం. బలరాంకు ఆ రెండూ లేవు. పరాయి నగరంలో ఆయనకు క్లబ్బే ఆసరా. ముగ్గురిలో నేటి అర్థంలో వృత్తి ఆటగాడికి ఎక్కువ దగ్గరగా ఉన్నది ఆయనే. రక్షణ తక్కువగా ఉన్నదీ ఆయనకే.

ఈస్ట్ బెంగాల్‌లో ఆయన ఎక్కువగా ఎడమవైపు, ఇన్‌సైడ్ లెఫ్ట్‌గానో లెఫ్ట్ వింగ్‌లోనో ఆడారు. అవసరమైతే సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి మారేవారు. 1958లో ఆ క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలుచుకుంది. బెంగాల్ తరఫున కూడా ఆయన సంతోష్ ట్రోఫీ ఆడి గెలిచారు. నిన్నటిదాకా హైదరాబాద్ తరఫున బెంగాల్ ఆధిపత్యాన్ని ఎదిరించిన ఆటగాడు ఏడాది తిరగకుండా బెంగాల్ జట్టులో కనిపించడం వలస తర్కానికి సహజమైన పర్యవసానం. 1961 ఆయన క్లబ్ జీవితానికి శిఖరం. ఆయన నాయకత్వంలో ఈస్ట్ బెంగాల్ 1952 తరువాత తిరిగి కలకత్తా లీగ్ గెలిచింది. ఆ లీగ్‌లో 23 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచింది ఆయనే. ఆ ఏటి షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకుంది. 1962 సంవత్సరానికి ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

రోమ్, జకార్తా

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ హంగరీ, ఫ్రాన్స్, పెరూలతో ఒకే గ్రూపులో పడింది. ఆగస్టు 26న లాక్విలాలో హంగరీతో తొలి పోటీ. గొరొక్స్, ఫ్లోరియన్ ఆల్బర్ట్ గోల్స్‌తో హంగరీ ముందంజ వేసింది. 79వ నిమిషంలో బలరాం ఒక గోల్ తిరిగి సాధించారు. ఫలితం 1-2. ఆల్బర్ట్ ఏడేళ్ళ తరువాత ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నారు. మూడు రోజులకు ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పి.కె. గోల్‌ను చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ సమం చేసింది. సెప్టెంబర్ 1న పెరూ చేతిలో 1-3 ఓటమి; భారత్ కొట్టిన ఆ ఒక్క గోల్ కూడా బలరాందే. మూడు ఆటల్లో భారత్ సాధించిన 3 గోల్స్‌లో 2 ఆయనవి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆడిన చివరి పోటీలు కూడా అవే.

హంగరీతో జరిగిన ఆ ఆటను ఈ వ్యాసపు దృష్టి నుంచి మరోసారి చూడవచ్చు. మైదానంలో ఉన్న ఇరువర్గాలూ కాగితం మీద ఔత్సాహికులే. ఆల్బర్ట్ ఫెరెన్స్‌వారోస్ ఆటగాడు. ఆ దేశంలో ఆటగాడి ఉద్యోగం, ఆదాయం, వైద్యం ప్రభుత్వ వ్యవస్థలో భాగం. భారత ఆటగాడికీ ఒక శాఖ ఉద్యోగం ఉండవచ్చు. కానీ అది వేరు వేరు శాఖల చిల్లర నిర్ణయం, జాతీయ విధానం కాదు. రెండు ఔత్సాహికతల మధ్య ఉన్న ఈ తేడా ఆనాటి స్కోరులో కనబడదు. తరువాతి దశాబ్దంలో కనబడింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆ తరానికి పరాకాష్ఠ. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడినా, థాయ్‌లాండ్‌పై 4-1తోనూ, జపాన్‌పై 2-0తోనూ గెలిచి భారత్ సెమీఫైనల్ చేరింది. ఈ రెండు విజయాల్లోనూ బలరాం ఒక్కో గోల్ కొట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 విజయం. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ విమర్శించడంతో స్థానిక ప్రేక్షకులు భారత జట్టుపై ఆగ్రహంగా ఉన్నారు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో ఆ హోరు మధ్యనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో భారత్ కొరియాను 2-1తో ఓడించింది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాలన్నది రహీం నిర్ణయం. ఆ మైదానంలో బలరాంతో పాటు మరో హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇప్పటివరకు అదే చివరి స్వర్ణం. తన కెరీర్‌లో అతిపెద్ద గెలుపు నాటికే రహీం కాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న మరణించారు. ఈ కథను హిందీ చలనచిత్రం మైదాన్ 2024లో తెరకెక్కించింది. బలరాం ఆ చిత్రం విడుదలను చూడలేదు.

రైల్వే జట్టు, అకాల విరామం

ఈస్ట్ బెంగాల్‌ను వీడిన బలరాం బి.ఎన్.ఆర్. జట్టులో చేరి ఆగ్నేయ రైల్వే ఉద్యోగి అయ్యారు. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో కలిసిపోయినా, ఫుట్‌బాల్ జట్టు పాత పేరుతోనే ఆడుతూ వచ్చింది. తెలుగు పాఠకుడికి ఈ రైల్వే పరాయిది కాదు. దాని దక్షిణపు కొస వాల్తేరు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడింది ఈ కంపెనీ కొలువుల వల్లనే. పెద్ద క్లబ్బు కీర్తి నుంచి రైల్వే జట్టుకు మారడాన్ని కొందరు అవరోహణగా భావించవచ్చు. క్లబ్బు తప్ప ఆసరా లేని ఆటగాడి వైపు నుంచి చూస్తే అంతకంటే వివేకమైన నిర్ణయం మరొకటి లేదు. క్లబ్బు ఆట ఉన్నంతవరకే. రైల్వే కొలువు పదవీవిరమణ దాకా.

ఆ వివేకం ఎంత సకాలమో వెంటనే రుజువైంది. 1963లో ఊపిరితిత్తుల వ్యాధి ఆయన ఆటను ఆపివేసింది. అప్పటికి ఆయన వయస్సు 27 ఏళ్ళ లోపే. ఫార్వర్డ్ ఆటగాడికి అది పరిణతి వచ్చే వయస్సు. గాయపడిన ఆటగాడికి బీమా గాని, ఒప్పందం ప్రకారం మిగిలిన కాలానికి వేతనం గాని ఇచ్చే ఏర్పాటు ఆనాడు లేదు. ఔత్సాహికుడు పని కోల్పోడు. ఎందుకంటే నియమాల ప్రకారం అతనికి ఆ పని ఎన్నడూ లేదు. వృత్తిగా గుర్తించని వృత్తిలో వ్యాధి వస్తే నష్టానికి పేరు కూడా ఉండదు. బలరాంను నిలబెట్టింది 23 గోల్స్ కాదు, రైల్వే కొలువు.

గుర్తింపు విషయంలోనూ త్రయంలో ఆయన వెనుకబడ్డారు. చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించింది. బలరాంకు రాలేదు. ఆ లోటును ఆయన చివరిదాకా దాచుకోలేదు. వివాహం చేసుకోలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తరపారలో ఒంటరిగా జీవించారు. పురస్కారాల సిఫారసుకు ఒక రాష్ట్రం అండ కావాలి. బెంగాల్‌కు ఆయన హైదరాబాద్ వాడు. హైదరాబాద్‌కు ఆయన ఎప్పుడో బెంగాల్ వెళ్ళిపోయినవాడు. వలస ఆటగాడిని ఇరువైపులా సొంతం చేసుకోవచ్చు, ఇరువైపులా మరచిపోనూ వచ్చు. ఇక్కడ రెండవదే జరిగిందని చెప్పవలసి ఉంటుంది.

హబీబ్: ఉద్యోగాన్ని కాదన్న ఆటగాడు

బలరాం విరమించిన మూడేళ్ళకు, 1966లో, మరో హైదరాబాదీ ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1949 జూలై 17న జన్మించిన మహ్మద్ హబీబ్ ఫుట్‌బాల్ ఆడే అన్నదమ్ముల కుటుంబం నుంచి వచ్చారు. తమ్ముడు అక్బర్ కూడా కలకత్తాలో ఆయన పక్కనే ఆడి పేరు తెచ్చుకున్నారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ హబీబ్ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆయన సభ్యుడు. ఆ జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ వారే. 1980లో హబీబ్‌కు అర్జున పురస్కారం లభించింది.

బలరాంతో పోలిస్తే హబీబ్ జీవితంలోని ప్రధాన భేదం ఒక్కటే: ఆయన కొలువు చేయలేదు. ఉద్యోగాలు వచ్చినా ఆటపై శ్రద్ధ చెడుతుందని అంగీకరించలేదని, అందువల్ల ఆయన్ను భారతదేశపు తొలి నిజమైన ప్రొఫెషనల్‌గా పరిగణించాలని ఫుట్‌బాల్ రచయితలు తరచుగా పేర్కొంటారు. తోటివారు ఉదయం సాధన ముగించి బ్యాంకుకో కస్టమ్స్‌కో వెళ్ళే కాలంలో హబీబ్ నిద్ర, ఆహారం, సాధన తప్ప వేరే దినచర్య ఎరగరు. కలకత్తా ఆయన్ను బడే మియా అని గౌరవంగా పిలుచుకుంది. దేశంలో వృత్తి ఫుట్‌బాల్ చట్టబద్ధం కాకముందే ఒక ఆటగాడు తనంతట తాను వృత్తి ఆటగాడు కావడం సాహసమే. అయితే ఆ సాహసానికి పూచీ ఎవ్వరూ లేరు. ఒక ఋతువు చెడితే మరుసటి ఋతువుకు బేరం తగ్గుతుంది. మూడు క్లబ్బుల మధ్య ఆయన పలుమార్లు మారడాన్ని ఈ దృష్టితో అర్థం చేసుకోవాలి. ప్రతి మార్పూ జీతం గురించిన సంప్రదింపే.

1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, న్యూయార్క్ కాస్మోస్ తలపడ్డాయి. కాస్మోస్ తరఫున పెలే ఆడారు. వారం రోజులకే ఆయన ఆట నుంచి విరమించారు. 2-2గా ముగిసిన ఆ ఆటలో మోహన్ బగాన్ గోల్స్ శ్యామ్ థాపా, హబీబ్‌లవి. ప్రపంచంలో ఫుట్‌బాల్ ద్వారా అత్యధికంగా సంపాదించిన ఆటగాళ్ళలో ఒకరు ఒకవైపు. నియమాల ప్రకారం ఆట ద్వారా సంపాదించకూడని ఆటగాడు మరోవైపు. ఇద్దరూ ఆట తప్ప వేరే పని చేయనివారే.

విరమణ తరువాత హబీబ్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో శిక్షకుడిగా పనిచేశారు. పెన్షన్ ఇచ్చే శాఖ ఏదీ ఆయన వెనుక లేదు. బలరాం ఎంపికలోని భద్రత, హబీబ్ ఎంపికలోని స్వేచ్ఛ ఒకే వ్యవస్థలోని రెండు లోపాలను చూపుతున్నాయి. మొదటిదానిలో ఆటకు పూర్తి సమయం దక్కదు. రెండవదానిలో ఆటగాడికి పూర్తి జీవితం దక్కదు.

ఖాళీ అయిన నగరం

దేశవ్యాప్త నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1996లో ఆరంభమైంది. క్లబ్ వ్యవస్థపై నడిచే ఆ లీగ్‌లో శాఖల జట్లకు చోటు క్రమంగా సన్నగిల్లింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ మొత్తం నిలబడింది శాఖల మీదనే. ఈస్ట్ బెంగాల్‌కో మోహన్ బగాన్‌కో సాటిరాగల ప్రజా క్లబ్బు ఇక్కడ ఏర్పడలేదు. పోలీసు జట్టు క్షీణించాక నగరానికి మిగిలింది జ్ఞాపకం. 1950లలో ఆటగాళ్ళను నిలబెట్టిన బలమే దశాబ్దాల తరువాత బలహీనతగా పరిణమించింది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సి పేరిట ఒక వృత్తి క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశించింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలపై ఓడించి 2021-22 విజేతగా నిలిచింది. ఆ ఋతువులో 18 గోల్స్‌తో లీగ్ అగ్రస్థానం సాధించిన ఆ జట్టు స్ట్రైకర్ బార్తొలోమ్యూ ఒగ్‌బెచే నైజీరియా దేశస్థుడు. లిఖిత ఒప్పందం, ప్రకటిత వృత్తి, బహిరంగ వేతనం అన్నీ చివరికి హైదరాబాద్‌కు వచ్చాయి. హైదరాబాద్ ఫార్వర్డ్ మాత్రం ఆ జట్టులో లేడు.

తెలంగాణ నుంచి నేడు జాతీయస్థాయిలో ఆడుతున్న ఫార్వర్డ్ పేరు చెప్పవలసివస్తే నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ పేరు చెప్పాలి. దండు, ఠాణా, రైల్వే అనే పాత మూలాలు ఏవీ ఆమె వెనుక లేవు. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడివచ్చిన ఆమె, 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ జట్టు ఈస్ట్ బెంగాల్.